మరచినా హాని జరగని పని



నేడు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామందికి ఉద్యోగంలో చేరగానే కొత్త వెబ్‌సైట్ కట్టే పని దొరకదు. ఎవరో ఎప్పుడో కట్టినదాన్ని ఒక టెంప్లేట్ ఇంజిన్ నుంచి ఇంకోదానికి మార్చమంటారు. ఆ పనిని చిన్నచూపు చూడకండి. ఎందుకంటారా? వెబ్‌సైట్లు కట్టడానికి వాడే డ్రూపల్ అనే సాఫ్ట్‌వేర్ చరిత్ర చూడండి.

డ్రూపల్ ఏడో వెర్షన్‌లో పేజీల రూపాన్ని పీహెచ్‌పీ టెంప్లేట్ ఇంజిన్ చూసుకునేది. టెంప్లేట్ ఫైల్ అంటే అచ్చమైన పీహెచ్‌పీ కోడే. పేజీ అందంగా కనిపించేలా చూడాల్సిన ఫైల్‌కు డేటాబేస్‌లోని పట్టికను చెరిపేసే శక్తి కూడా ఉండేది. పైగా బయటివాళ్లు టైప్ చేసిన మాటను పేజీలో చూపించే ముందు, దాన్ని శుద్ధి చేసే ఫంక్షన్‌ను డెవలపరే గుర్తుపెట్టుకుని పిలవాలి. తొంభైతొమ్మిది చోట్ల పిలిచి ఒక్కచోట మరచినా చాలు, ఎవరో పేరు గడిలో దాచిన స్క్రిప్ట్ మరొకరి బ్రౌజర్‌లో నడుస్తుంది. క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అని మీరు చదువుకున్నది ఇదే.

2015 నవంబరు 19న వచ్చిన ఎనిమిదో వెర్షన్‌లో ఆ స్థానం ట్విగ్ అనే టెంప్లేట్ ఇంజిన్‌కు దక్కింది. ఇక్కడ శుద్ధి దానంతటదే జరుగుతుంది. వద్దనుకుంటే ‘రా’ అనే ఫిల్టర్‌ను పనిగట్టుకుని రాయాలి. అంటే ప్రమాదం ఉన్న చోటు కోడ్‌లో వెతికితే దొరుకుతుంది. జాగ్రత్త అనే భారాన్ని మనిషి జ్ఞాపకం మీద నుంచి దించి పరికరం మీద పెట్టారు. ఆ మార్పులో నాకు గొప్పగా అనిపించేది అదే.

అయితే మార్పు ఊరికే రాదు. పాత టెంప్లేట్‌లో కలిసిపోయిన డేటాబేస్ క్వెరీలను బయటకు తీసి మాడ్యూళ్లలో పెట్టాలి. ఒకే మాటకు రెండుసార్లు శుద్ధి జరిగితే, గుర్తు ఉండాల్సిన చోట దాని కోడ్ కనిపిస్తుంది. అర్థంకాని షరతు ఎదురైతే, అది ఎవరి అవసరం కోసం పుట్టిందో తెలుసుకోకుండా తీసేయకండి. పాత పేజీనీ కొత్త పేజీనీ పక్కపక్కన పెట్టి చూడండి. బొమ్మ లేని వార్తతో, రెండు వరుసలు పట్టే శీర్షికతో, ఒత్తులూ గుణింతాలూ నిండిన తెలుగు పేరుతో పరీక్షించండి.

అందరూ ట్విగ్ వైపు నడవలేదన్నదీ గమనించండి. డ్రూపల్ నుంచి చీలి 2015 జనవరిలో వచ్చిన బ్యాక్‌డ్రాప్ అనే సాఫ్ట్‌వేర్ పీహెచ్‌పీ టెంప్లేట్‌నే ఉంచుకుంది. తక్కువ ఖర్చుతో సైట్ నడుపుకునే చిన్న సంస్థలే దాని లక్ష్యం. డ్రూపల్ ఏడో వెర్షన్‌కు కూడా 2025 జనవరి 5 దాకా మద్దతు కొనసాగింది. మార్పు మంచిదే అయినా, దాని ఖర్చు మోసేవాళ్లకు వ్యవధి ఇవ్వడం ధర్మం.

మీరు ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ రాసినా, బ్యాంకుకు రాసినా ఒకటే కోరుతున్నాను. “జాగ్రత్తగా ఉండండి” అని వాడేవాళ్లకు చెప్పి చేతులు దులుపుకోకండి. అలసిపోయినవాడు, కొత్తగా చేరినవాడు, తొందరలో ఉన్నవాడు ఒక అడుగు మరచినా ఎవరికీ నష్టం జరగకుండా కట్టండి. ఈ పట్టాతో మీకు అందుతున్న అధికారం అందుకే. విజయీభవ!