ఆ అరుపులో మాటలున్నాయి
(సంఘ పెద్దలు, యవ్వనస్థులు కలిసిన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మేము ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన వానాకాలంలో మన పిల్లలు నలుగురు కమిటీ ముందుకొచ్చారు. శనివారం సాయంత్రాలు మందిరం పక్కనున్న హాలు రెండు గంటలు ఇస్తే పాటలు సాధన చేసుకుంటామన్నారు. ఏం పాటలని అడిగాం. హార్డ్‌కోర్ పంక్, త్రాష్ మెటల్ అన్నారు. ఒకడు ఫోనులో అర నిమిషం వినిపించాడు. ఐదు నిమిషాల్లో కాదని చెప్పి పంపేశాం. పిచ్చి కేకలకు దేవుని స్థలం ఇవ్వమన్నాం. వెళ్తూ వెళ్తూ వాళ్ళలో చిన్నవాడు ఒక్క మాటన్నాడు: "అంకుల్, మీరు అరుపు విన్నారు. మాటలు వినలేదు."

ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. వాక్యం చెప్పేటప్పుడు మనం గొంతు చించుకోమా? దారి పక్కన కూర్చున్న గుడ్డి బర్తిమయి కేకలు వేస్తుంటే, ఊరుకోమని గద్దించినవాళ్ళు ఎవరు? ప్రభువు వెంట నడుస్తున్నవాళ్ళే కదా! అందుకని మేము నలుగురు పెద్దలం ఆ పిల్లల్ని మళ్ళీ పిలిచాం. వరసగా నాలుగు శనివారాలు పక్కన కూర్చుని, పాటల మాటలు కాగితం మీద పెట్టుకుని విన్నాం. అప్పుడు తెలుసుకున్నదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాం.

ముందు ఈ సంగీతం ఎక్కడిదో చెప్పుకుందాం. 1970ల చివర, 1980ల మొదట్లో అమెరికా నగరాల్లో కుర్రాళ్ళు పంక్ పాటను ఇంకా కుదించి, ఇంకా వేగం పెంచి హార్డ్‌కోర్ అన్నారు. ఒక్కో పాట నిమిషమో రెండు నిమిషాలో ఉంటుంది. వాషింగ్టన్‌లో దీనికి దారి చూపిన బ్యాడ్ బ్రెయిన్స్ నల్లజాతి యువకుల బృందం. 1982లో వాళ్ళ మొదటి ఆల్బమ్ క్యాసెట్‌గానే వచ్చింది. ఆ ఊళ్ళోనే 1980లో ఇయాన్ మకాయ్, జెఫ్ నెల్సన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు డిస్కార్డ్ అనే చిన్న రికార్డు సంస్థ పెట్టారు. ప్రదర్శనల్లో కూడబెట్టిన కొద్ది డబ్బుతో తమ టీన్ ఐడిల్స్ బృందం పాటల్ని 1000 ప్రతులు వేయించుకున్నారు. అట్టలు తామే కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అంటించుకున్నారు. ఎవరి దయా అడగలేదు. ఆ సంస్థ ఇప్పటికీ ఉంది.

మన పెద్దలకు మొదట వచ్చే భయం మద్యం. మాకూ అదే వచ్చింది. కానీ ఆ రోజుల్లో అక్కడి క్లబ్బుల్లో, వయసు చాలని పిల్లలకు మద్యం పోయకూడదని గుర్తుగా చేతి మీద నల్లని ఇంటూ గుర్తు వేసేవాళ్ళు. ఆ గుర్తునే ఈ కుర్రాళ్ళు గౌరవ చిహ్నం చేసుకున్నారు. తాగం, మత్తు ముట్టం అని చెప్పే స్ట్రెయిట్ ఎడ్జ్ అనే పద్ధతికి మకాయ్ తర్వాతి బృందం మైనర్ థ్రెట్ 1981లో పాడిన పాటే పేరు పెట్టింది. హార్డ్‌కోర్ వాళ్ళందరూ అలాగే ఉంటారని మేము చెప్పడం లేదు. మత్తుకు ఎదురు నిలిచిన పాయ ఒకటి అందులోనే పుట్టిందని మాత్రం చెబుతున్నాం.

మమ్మల్ని ఇంకా కదిలించింది హాలు సంగతి. మకాయ్ తర్వాత ఫుగాజీ అనే బృందంలో పాడాడు. వాళ్ళు ప్రవేశం 5 డాలర్ల దగ్గరే ఉంచాలని, ఏ వయసువాళ్ళయినా రావచ్చని పట్టుబట్టేవాళ్ళు. పాజిటివ్ ఫోర్స్ అనే యువజన బృందం 1985 నుంచి వాషింగ్టన్‌లో ఇళ్ళు లేనివాళ్ళ కోసం, పేదల కోసం నిధుల ప్రదర్శనలు పెట్టింది. వాటిలో కొన్ని జరిగింది ఎక్కడ? సెయింట్ స్టీఫెన్ ఎపిస్కోపల్ మందిరంలో! ఫిలడెల్ఫియాలో కూడా ఫస్ట్ యూనిటేరియన్ చర్చి నేలమాళిగ 1990ల నుంచి ఇలాంటి పాటలకు పేరున్న చోటు. మద్యం అమ్మే క్లబ్బు తప్ప వేరే చోటు లేని పిల్లలకు చర్చి తలుపు తెరిచింది. మేము మాత్రం ఐదు నిమిషాల్లో మూశాం.

ఇక గొంతు సంగతి. త్రాష్ మెటల్ కూడా 1980ల మొదట్లోదే. మెటల్ గిటారుకు హార్డ్‌కోర్ వేగం కలిసింది. డెత్ మెటల్ గర్జనలో మాట మింగుడు పడిపోతుంది. త్రాష్‌లో అలా కాదు. అరుస్తున్నా మాట వినబడాలి. రంపం పెట్టినట్టు గరుకుగా, తాళానికి కొట్టినట్టు పలకాలి. మన బుర్రకథ చెప్పేవాళ్ళు యుద్ధ ఘట్టంలో మాటను ఎలా విసురుతారో గుర్తు తెచ్చుకోండి.

గొంతు చెడిపోదా అని మేమూ అడిగాం. తెలియకుండా అరిస్తే చెడిపోతుంది. మెటాలికా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ కూడా 1990ల మొదట్లో గొంతు దెబ్బతిని శిక్షకుడి దగ్గర పాఠాలు నేర్చుకోవాల్సి వచ్చింది. మన గొంతులో మాట పుట్టించే స్వరతంత్రులు రెండున్నాయి. వాటికి కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి. మామూలు మాటల్లో వాటికి పని లేదు. నేర్చుకున్నవాళ్ళు అసలు స్వరతంత్రుల్ని ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోనివ్వకుండా, పొట్ట నుంచి నిలకడగా ఊపిరి తోస్తూ, ఆ పై భాగాల్ని కదిలించి గరుకుదనం తెస్తారు. న్యూయార్క్‌లో మెలిస్సా క్రాస్ అనే సంగీత శిక్షకురాలు 2005లో దీని మీద పాఠాల డీవీడీయే తెచ్చారు. కాబట్టి ఇది ఒళ్ళు తెలియని అరుపు కాదు. దీనికీ సాధన ఉంది, మంచినీళ్ళు ఉన్నాయి, విశ్రాంతి ఉంది. నొప్పి పుడితే ఆపేయాలన్న నియమమూ ఉంది.

హార్డ్‌కోర్‌లో ఇంకో అలవాటుంది. పల్లవి వచ్చేసరికి బృందమంతా కలిసి అరుస్తుంది. గాయకుడు మైకు జనంలోకి చాపుతాడు. ముందు వరసలో ఉన్నవాడు ఎవడైనా ఆ పంక్తి అందుకుంటాడు. వేదిక అసలు ఉండదు, ఉన్నా మోకాలెత్తే. ఇది మనకు కొత్తా? వంతపాట మనదే కదా. ఒకరు అందిస్తే సంఘమంతా అందుకోవడం మనం ప్రతి ఆదివారం చేసేదే కదా.

ఈ మధ్య వచ్చినవాటిలో పిల్లలు మాకు వినిపించినవి కొన్ని చెబుతాం. ఫిలడెల్ఫియా బృందం సోల్ గ్లో 2022లో డయాస్పొరా ప్రాబ్లమ్స్ అనే ఆల్బమ్ తెచ్చింది. పియర్స్ జోర్డన్ ఊపిరి తీసుకోకుండా తరుముకొస్తున్నట్టు అరుస్తాడు. నల్లజాతివాడిగా బతకడంలోని భయం, డబ్బుకు కటకట, కోపం అన్నీ అందులో ఉన్నాయి. సొంత నేలకు దూరమైన జనం కష్టాలు అనే ఆ పేరు, మూడు తరాల క్రితం ఊరు వదిలొచ్చిన మనకు అర్థం కాదా? లాస్ ఏంజెలెస్ బృందం జులూ 2023లో ఎ న్యూ టుమారో తెచ్చింది. గుండెలదిరే మోత మధ్యలో ఉన్నట్టుండి మెత్తని సోల్ సంగీతం వస్తుంది. మా బాధ ఒక్కటే కాదు, మా ప్రేమ కూడా వినండి అన్నట్టుంటుంది.

టెక్సస్‌లోని డల్లాస్ బృందం పవర్ ట్రిప్ హార్డ్‌కోర్‌ను, త్రాష్‌ను మళ్ళీ కలిపింది. 2017 నాటి నైట్‌మేర్ లాజిక్ వినండి. రైలీ గేల్ గొంతు పెద్ద గుహలోంచి వచ్చినట్టుంటుంది, అయినా మాట తెగదు. అతను 2020 ఆగస్టులో 34 ఏళ్ళకే చనిపోయాడు. ఇళ్ళలోంచి గెంటేసిన ఎల్‌జీబీటీక్యూ పిల్లలకు డల్లాస్‌లో ఆశ్రయమిచ్చే చోట అతని పేరున గ్రంథాలయం పెట్టారు. ఇలాంటి గాయకుడి గుర్తుగా పుస్తకాల గది పెడతారని మేము ఊహించలేదు.

ఎక్కువసేపు విన్నది మాత్రం న్యూజిలాండ్ బృందం ఏలియన్ వెపనరీని. డి యాంగ్ అన్నదమ్ములు హెన్రీ, లూయిస్ మావోరీ మాధ్యమం బడిలో చదువుకున్నారు. త్రాష్ మెటల్‌ను మావోరీ భాషలో పాడతారు. 2018లో తూ, 2021లో టంగరోవా, 2025లో తే రా వచ్చాయి. రౌపతు అనే పాట 1863 నాటి చట్టం మీద. ఆ చట్టంతో వలస ప్రభుత్వం మావోరీల భూములు లాక్కుంది. ఇంకో పాట 1864లో గేట్ పా దగ్గర జరిగిన యుద్ధం గురించి. అందులో వాళ్ళ పూర్వీకుడొకడు చనిపోయాడు. బడిలో నేర్చిన అమ్మ భాషను ఆ పిల్లలు అరుపుగా మార్చి లోకమంతా తిప్పుతున్నారు. మన ఇళ్ళల్లో పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరని మనం ఏళ్ళ తరబడి వాపోతున్నాం. వాళ్ళకు తెలుగులో గట్టిగా చెప్పుకునే అవసరం మనమెప్పుడైనా కలిగించామా?

ఇక మన నలుగురు పిల్లల పాట. వాళ్ళలో ఇద్దరి కుటుంబాలు కోలార్ బంగారు గనులవి. చిత్తూరు వైపు నుంచి వెళ్ళి, 3 కిలోమీటర్లకు పైగా లోతున పని చేసినవాళ్ళ మనవలు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక తండ్రులు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు వచ్చి పని చేసుకుని రాత్రికి చేరేవాళ్ళు. గనుల దగ్గర సైనైడ్ దిబ్బలు ఇంకా ఉన్నాయి. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్ళలోకి వస్తుంది. వీళ్ళ పాట రెండు నిమిషాలు కూడా లేదు. తెలుగులో ఉంది. పల్లవి ఒక్కటే మాట: "తాత దగ్గు". నలుగురూ కలిసి అరుస్తారు. రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, రాత్రంతా కూర్చునే నిద్రపోయిన ముసలాయన దగ్గు అది. మా నలుగురిలో ఒకరు గని కార్మికుడి కొడుకు. హాలు ఇవ్వొద్దని ముందుగా చెయ్యెత్తింది కూడా ఆయనే. పాట అయ్యాక ఆయన లేచి బయటికి వెళ్ళి, కాసేపటికి వచ్చి, ఇంకోసారి పాడమన్నారు.

ఈ సంగీతంలో చెడు లేదని మేము చెప్పడం లేదు. జనం ఒకరినొకరు తోసుకునే చోట ఎముకలు విరిగిన రోజులున్నాయి. ఆడపిల్లలను వెనక్కి నెట్టారు. అందుకే 1990ల మొదట్లో బికినీ కిల్ గాయని కాథ్లీన్ హానా ఆడపిల్లలు ముందు వరసకు రావాలని ప్రదర్శనల్లోనే పిలవాల్సి వచ్చింది. కొన్ని బృందాల బొమ్మలూ మాటలూ మన విశ్వాసానికి సరిపడవు. అవి పిల్లలతో కూర్చుని మాట్లాడాల్సిన సంగతులు. తలుపు మూస్తే ఆ మాట కూడా జరగదు.

ఇంకో సంగతి. డప్పును మందిరం లోపలికి రానివ్వడానికి మన పెద్దలు కొందరు ఎంత తటపటాయించారో మీలో పెద్దవాళ్ళకు తెలుసు. అది చావు మోత అన్నారు, పేటవాళ్ళ మోత అన్నారు. ఇప్పుడు పండుగకు డప్పు లేకపోతే మనకే బాగుండదు. మోత మారలేదు, మన చెవే మారింది.

కాబట్టి కమిటీ తరఫున ఈ ప్రతిపాదన మీ ముందు పెడుతున్నాం. శనివారం ఐదు నుంచి ఏడు వరకు హాలు ఇద్దాం. అద్దె వద్దు, ఊడ్చి తుడవడం వాళ్ళ పని. చెవుల్లో పెట్టుకునే బిరడాలు తప్పనిసరి. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండవచ్చని, 100 డెసిబెల్స్‌లో 15 నిమిషాలకు మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. కిటికీలకు పాత పరుపులు కడదాం, ఇరుగుపొరుగుకు ముందే చెప్పి వద్దాం. ఆడపిల్లలు వస్తామంటే మైకు వాళ్ళకూ అందాలి. నెలకోసారి మేమూ వచ్చి కూర్చుంటాం. కాపలాకు కాదు, వినడానికి.

ఇప్పుడు చేతులెత్తమని అడగబోతున్నాం. అంతకుముందు ఆ రెండు నిమిషాల పాట ఒకసారి వినండి. మాటలున్న కాగితం మీ చేతుల్లో ఉంది. మా కమిటీలాగా అర నిమిషానికే ఆపేయకండి. పల్లవి దగ్గర మైకు మీ వైపు వస్తే అందుకోండి.

బాబూ, మొదలుపెట్టండి.