రంగు కొత్తది, చాకు పాతదే

స్విట్జర్లాండులోని ఈబాఖ్ అనే ఊళ్లో 1884లో కార్ల్ ఎల్సెనర్ కత్తుల కార్ఖానా పెట్టాడు. 1891లో స్విస్ సైన్యానికి మడత చాకులు అందించాడు. ఆ కార్ఖానాయే నేటి విక్టోరినాక్స్.

నొక్కుల అల్యూమినియం పిడి ఉన్న చాకుల్ని ఈ సంస్థ ఏటా ఒక కొత్త రంగులో, ఆ ఏడాదికే పరిమితం చేసి విడుదల చేస్తుంది. 2021లో నారింజ, 2022లో ఉరుము మబ్బు బూడిద, 2023లో లావెండర్. రంగు బయటపడగానే చాకుల ప్రియులు రెండు జట్లవుతారు. "లోపల అదే బ్లేడు, అదే సీసా మూత తీసే కొక్కెం. రంగు పూసి మళ్లీ అమ్ముతున్నారు" అని ఒకరు. "నా వరసలో ఈ ఏడాది ఖాళీ ఉండకూడదు" అని ఇంకొకరు. విసుక్కుంటూనే కొనేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి!

అసలు ఫిర్యాదు ఉక్కు మీద. అమెరికా కంపెనీలు కొన్ని పొడి లోహంతో చేసే ఖరీదైన ఉక్కు వాడతాయి. దాని పదును చాలాకాలం నిలుస్తుంది కానీ మొద్దుబారితే మళ్లీ పదును పెట్టడం కష్టం. విక్టోరినాక్స్ ఉక్కు కాస్త మెత్తన. త్వరగా మొద్దుబారుతుంది, సానరాయి మీద నాలుగుసార్లు రుద్దితే మళ్లీ పదునెక్కుతుంది, తుప్పు అంత తేలిగ్గా పట్టదు. జామకాయ కోసుకునేవారికి ఇదే మేలని నా అభిప్రాయం.

ఏ రంగుదైనా సరే, విమానం ఎక్కేటప్పుడు చాకును చేతిసంచిలో ఉంచకండి. చెక్-ఇన్ పెట్టెలో వేయండి.