బావ ‘సార్’ అన్న రోజు



బరంపురంలో పుట్టిన తెలుగువాడికి ఒక్క భాషతో రోజు గడవదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు. అందుకేనేమో, ఎం.ఏ.లో డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ చదువుతుంటే నాకది పరాయి దేశం కథలా అనిపించలేదు.

1860–61లో వారం వారం అచ్చైన నవల అది. పిప్ అనే కుర్రాణ్ణి అక్క పెంచుతుంది. ఆమె భర్త జో, కమ్మరి. మన వరసలో బావ. పిప్ మొదటిసారి ఓ గొప్పింట్లో పేకాడుతూ ఒక ముక్కని ‘జాక్’ అంటాడు. గొప్పవాళ్ల మాట ‘నేవ్’. ఆ ఇంటి పిల్ల ఎస్టెల్లా ఎగతాళి చేస్తుంది. (మనం జాకీ అంటాం. ఆ పిల్ల ముందు మనమూ మోటువాళ్లమే.) అంతే, వాడికి తన చేతులు మొరటుగా, తన బూట్లు నాటుగా కనబడతాయి. పోనుపోను బావ కూడా.

తర్వాత డబ్బొస్తుంది, లండన్ కాపురం వస్తుంది, మాట నునుపెక్కుతుంది. జో చూడ్డానికి వస్తాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలీదు. నోట్లోంచి ఒకసారి ‘పిప్’ అని వస్తుంది, ఒకసారి ‘సార్’ అని. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ ఒకటే మాట కదా, అందుకని డికెన్స్ ఆ దూరాన్ని ‘సార్’తో కొలిచాడు. మన దగ్గరైతే, ‘ఏట్రా’ అనే బావ ‘ఏవండీ’ అంటే చాలు, గుండె కలుక్కుమంటుంది.

నా లెక్కలో పిప్ ఎదిగింది ఆ డబ్బూ, నునుపు మాటా వచ్చినప్పుడు కాదు. కథంతా చెప్పేది పెద్దయిన పిప్పే. కమ్మరి కొలిమిని దాచుకోడానికి నేర్చిన ఆ మంచి ఇంగ్లీషుతోనే తన సిగ్గుమాలినతనాన్ని పూసగుచ్చినట్టు చెబుతాడు. ఎదిగింది అక్కడ.

నా సంగతీ చెప్పాలి. మా నాన్న పట్టు మగ్గం నేసేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటికి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఎవరిచేతో చదివించుకుని జవాబు రాశారు. ఎప్పుడూ ‘చిరంజీవి’ అని మొదలయ్యే కార్డు ఆసారి ‘శ్రీయుత’ అని మొదలైంది. కింద ‘మీ నాన్న’ లేదు, ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం ఉంది. భయమేసింది. ఆ రాత్రే తెలుగులో రాశాను. ‘చిరంజీవి’ తిరిగి రావడానికి మూడు ఉత్తరాలు పట్టింది.

చదువుకొద్దీ సొంతవాళ్ల మాటకి దూరమయ్యే ఈ దారికి ఎదురు నడిచిన మనిషి ఒకరు మా గంజాం జిల్లాలో ఉండేవారు. అప్పట్లో గంజాంలోనే ఉన్న పర్లాకిమిడిలో బడిపంతులు గిడుగు రామమూర్తి గారు. ఇంత చదువుకుని, కొండ మీది సవరల దగ్గర మాట నేర్చుకున్నారు. ఆ భాషకి ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చైంది. తెలుగు పుస్తకాల్లోకి నోటి మాటని రానివ్వమని పండితులతో పోట్లాడిందీ ఆయనే. ఇవాళ నేను మీతో ఇలా మాట్లాడుతున్నది ఆ పోట్లాట పుణ్యమే.

ఇవాళ పట్టాలు అందుకున్న మీరు, సాయంత్రం ఇంటికెళ్లాక ఆ పట్టాలో ఏం రాసుందో అమ్మకో, నాన్నమ్మకో మీ ఇంటి మాటలో చదివి చెప్పండి. తెలుగో, ఒడియావో, సవరో, ఏదైనా సరే. వాళ్లు మిమ్మల్ని ‘మీరు’ అంటే మాత్రం ఒప్పుకోకండి.