గులాబీ గోరింకల సాయంత్రం

చలికాలంలో పొద్దు వాలే వేళ సికింద్రాబాద్ చుట్టుపక్కల చెరువుగట్ల మీద నిలబడి ఆకాశం చూడండి. గులాబీ గోరింకలు గుంపులుగా రాత్రి మకాంకు చేరుతుంటాయి. తల, రెక్కలు నలుపు. వీపు, పొట్ట లేత గులాబీ. మధ్య ఆసియా నుంచి వచ్చే ఈ వలస పిట్టలు జొన్నకంకులు తింటాయి, పొలాల్లో మిడతల్నీ ఏరుకు తింటాయి. బూరుగ, మోదుగ పూస్తే తేనె కోసం ఆ కొమ్మల మీదే సందడి.

అంత గుంపు ఒక్కసారిగా మలుపు ఎలా తిరుగుతుంది? టైబర్ నది ఒడ్డున ఉన్న రోమ్‌లో వీటి దాయాది గోరింకల్ని ఫొటోలు తీసి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2008లో ఫలితం ప్రకటించారు: ప్రతి పిట్టా దగ్గరలోని ఆరేడు పిట్టల్నే గమనిస్తుంది. నాయకుడంటూ ఎవరూ ఉండరు. ఎంత అద్భుతం!

ఏప్రిల్ దాటితే గులాబీ గోరింకలు తిరుగుప్రయాణం కడతాయి. ఆలోపే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.