షాహుకారు చేతికి ఖజానా తాళములు
(పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



పెద్ద ధనవ్యాపార సంస్థను నడిపినవాడు ప్రభుత్వపు బొక్కసమునకు మంత్రియైనచో అది ప్రజలకు మేలా, కీడా? ఈ ప్రశ్న నేడు అనేక దేశములయందు వినబడుచున్నది. దీనిని ఊహలతో గాక యొక మనుష్యుని చరిత్రమును ముందుంచుకొని విచారింపదలచితిమి. ఆయన 2006 మొదలు 2009 వరకు అమెరికా సంయుక్త రాష్ట్రములకు కోశాగార మంత్రిగా నుండిన హెన్రీ పాల్సన్. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఉభయపక్షములను వినుట యలవాటు. ఆయన కనుకూలమగు సాక్ష్యమునే మొదట విన్నవింతుము.

పాల్సన్ 1946లో జన్మించెను. ఇల్లినాయిస్ రాష్ట్రమున పల్లెపట్టున పెరిగి, డార్ట్‌మత్ కళాశాలయందు ఆంగ్లసాహిత్యము చదివి, హార్వర్డునందు వాణిజ్యపట్టము పుచ్చుకొనెను. రక్షణశాఖలోను, నిక్సను అధ్యక్షుని కొలువులోను కొలదికాలము పనిచేసి, 1974లో గోల్డ్‌మన్ శాక్స్ సంస్థయొక్క షికాగో శాఖలో ప్రవేశించెను. 1982లో భాగస్వామి యయ్యెను. 1999లో ఆ సంస్థ తన వాటాలను మొదటిసారి బజారున విక్రయించినపుడు దాని ప్రధానాధికారి ఆయనయే. మద్యము ముట్టడు, పక్షులన్న ప్రాణము. 2005లో ఆయన సంపాదన సుమారు 3 కోట్ల 80 లక్షల డాలర్లు. మంత్రి జీతమో, నాడు యేటికి 1,83,500 డాలర్లు మాత్రమే. ఇట్టివాడు కొలువునకు వచ్చుటను త్యాగమని పలువురు కొనియాడిరి. కొంతవరకది నిజమే.

కాని మంత్రిపదవికై ఆయన తన గోల్డ్‌మన్ వాటాలను వదలుకొనవలసివచ్చెను. వానివలన వచ్చినది దాదాపు 50 కోట్ల డాలర్లు. ఇట్లు కొలువునకై సొత్తు నమ్ముకొనువారు ఆ సొమ్మును ప్రభుత్వ ఋణపత్రములయందో, కొన్ని సామాన్యనిధులయందో మరల నుంచినచో, లాభముపై పన్ను అప్పటికి చెల్లింపనక్కరలేదని 1989 నాటి శాసనమొకటి చెప్పుచున్నది. పన్ను మాఫీ కాదు, వాయిదా మాత్రమే. అయితే వాయిదాకెంత విలువ గలదో కోర్టుమెట్లెక్కినవారి కెల్లరకును దెలియును. శాసనోద్దేశము మంచిదే, త్యాగమను మాటను మాత్రము కొంచెము తగ్గించి పలుకవలెను.

ఈ జాగ్రత్త ఆ దేశమునకు క్రొత్తది గాదు. కోశాగారశాఖను నెలకొల్పిన 1789 నాటి చట్టమే, ఆ శాఖాధికారి వర్తకవ్యాపారములతో సంబంధము గలిగియుండరాదని శాసించినది. 1869లో గ్రాంటు అధ్యక్షుడు న్యూయార్కు బట్టలవర్తకుడగు స్టూవర్టును ఈ పదవికి నియమింపగా సెనేటుసభవారు వెంటనే యంగీకరించిరి. ఆ తరువాత నెవరికో ఆ పాతచట్టము జ్ఞప్తికి వచ్చెను! చట్టమును సడలింపుడని అధ్యక్షుడే కోరినను సాగలేదు, స్టూవర్టు తప్పుకొనెను. పిమ్మట బ్యాంకుల యధిపతియగు మెలన్ 1921 మొదలు 1932 వరకు, ముగ్గురు అధ్యక్షుల క్రింద, ఆ పదవిలో నుండెను. ఆయనపై 1932 జనవరిలో రైట్ పాట్‌మన్ అను ప్రతినిధి ఇదే చట్టము నాధారము చేసికొని అభిశంసన తెచ్చెను. ఆ విచారణ తుదిముట్టకమునుపే మెలన్‌ను ఇంగ్లండునకు రాయబారిగ బంపివేసిరి. బట్టలవర్తకునికి పట్టిన తలుపు బ్యాంకుల యధిపతికి పట్టకపోవుట గమనింపదగినది.

ఇక 2008కి వత్తము. ఇండ్ల తనఖాలపై కట్టిన పత్రముల వ్యాపారము కూలి, మార్చిలో బేర్ స్టెర్న్స్ చేతులు మారెను. సెప్టెంబరు 7వ తేదీన తనఖాఋణముల రెండు మహాసంస్థలు ప్రభుత్వపాలన క్రిందికి వచ్చెను. 15వ తేదీన లేమన్ బ్రదర్స్ దివాలా తీసెను. దానిని నిలుపుటకు ప్రజాధన మీయనని పాల్సన్ పట్టుపట్టియుండెను. మరునాడే, ఎ.ఐ.జి. యను భీమాసంస్థకు 8,500 కోట్ల డాలర్ల ఋణమును, పాల్సన్ మద్దతుతో, ఫెడరల్ రిజర్వు బ్యాంకువారు ప్రకటించిరి. లేమన్ గోల్డ్‌మన్‌కు పోటీదారు. ఎ.ఐ.జి. గోల్డ్‌మన్‌కు బాకీదారు. ఆ భీమాసంస్థకు చేరిన ప్రజాధనమునుండి 1,290 కోట్ల డాలర్లు గోల్డ్‌మన్‌కు ముట్టినట్లు 2009 మార్చిలో బయటపడినది.

దీనినిబట్టి పాల్సన్ తన పాతయింటికి దోచిపెట్టెనని మేమనము. లేమన్‌కు చాలిన హామీసొత్తు లేదనియు, చట్టము తమ చేతులు కట్టివేసెననియు అధికారులు చెప్పినది వినదగిన వాదమే. ఎ.ఐ.జి. పడిపోయినచో దానితో ననేక సంస్థలు పడియుండుననుటయు నిజమే. పాము కాళ్లు పామునకే తెలియునన్నట్లు, ఆ పత్రముల గుట్టు తెలిసినవాడు కావుననే అంత వేగముగ కదలగలిగెననువారును గలరు. మా యాక్షేపణ వేరొకటి. 1852లో ఇంగ్లండు ప్రభువులసభవారు తీర్పుజెప్పిన డైమ్సు వ్యాజ్యమును న్యాయశాస్త్ర విద్యార్థు లందరును చదివియుందురు. కాలువకంపెనీలో వాటాలుగల లార్డు ఛాన్సలరు ఆ కంపెనీకి అనుకూలముగ దీర్పిచ్చెను. ఆయన మనసు వాటాలవైపు తిరిగెనని యొక్కరును అనుమానింపలేదు. అయినను ఆ తీర్పును కొట్టివేసిరి. తన వ్యాజ్యమునకు తాను న్యాయాధిపతి కారాదన్నది అచటి సూత్రము. పాల్సన్‌కు వాటాలు లేవు, నిజమే. ముప్పదిరెండేండ్ల పొత్తును మాత్రము ఏ దళారివద్ద నమ్ముకొనగలడు?

సెప్టెంబరు 20వ తేదీన ఆయన కోశాగారశాఖనుండి కాంగ్రెసునకు బోయిన ముసాయిదా మూడు పుటలు. అందు కోరినది 70,000 కోట్ల డాలర్లు. మంత్రి నిర్ణయములను ఏ న్యాయస్థానముగాని, ఏ యధికారసంస్థగాని విమర్శింపరాదని యందొక నిబంధన! ఒక్క మనుష్యుని సంతకమునకు న్యాయస్థానములను మూయుట యెంతటి యవసరమందును సహింపరానిది. దొరతనముల యవసరశాసనములను రుచిచూచిన జాతి మనది. ఆ వాసనను మనము దూరమునుండియే గుర్తింపగలము. సెప్టెంబరు 25వ తేదీన అధ్యక్షభవనమున పాల్సన్ ప్రతినిధిసభాధ్యక్షురాలగు నాన్సీ పెలోసీ యెదుట నొక మోకాలిపై వంగి వేడుకొనెను. ఐనను 29వ తేదీన ప్రతినిధిసభ 228 వోట్లకు 205 వోట్లతో బిల్లును త్రోసివేసినది. అక్టోబరు 3వ తేదీన నెగ్గిన శాసనమున న్యాయస్థానముల విమర్శాధికారమును, పర్యవేక్షక సంఘమును, ప్రత్యేక తనిఖీయధికారియు చేర్పబడిరి. ప్రజాప్రతినిధులు ఆ మూడు పుటల ముసాయిదాను ఉన్నదున్నట్లు ఒప్పుకొనకపోవుటవలన కలిగిన లాభమిది.

చెడిన పత్రములను కొనుటకని యడిగిన ధనమును, పదునొకండు దినములలో, బ్యాంకుల మూలధనముగ నిచ్చుటకు నిశ్చయించిరి. తొమ్మిది మహాబ్యాంకులకు 12,500 కోట్లు కేటాయింపగా, అందు గోల్డ్‌మన్ వంతు 1,000 కోట్లు. గోల్డ్‌మన్ 2009 జూనులో తిరిగి చెల్లించెను. బ్యాంకుల కిచ్చిన సొమ్ముపై ఖజానాకు లాభమే వచ్చెను. ఈ లెక్కను దాచుట ధర్మము గాదు. అయితే తనఖా కట్టలేక ఇండ్లు పోగొట్టుకొన్న లక్షలకొలది కుటుంబములకు అంత త్వరితముగ, అంత దయగ నెవరును తలుపు తెరువలేదు. బ్యాంకుల బాధ పాల్సన్‌కు స్వానుభవము. ఇంటివాని బాధ ఆయన బల్లపైకి కాగితముగ మాత్రమే వచ్చినది. లంచమును శిక్షించుటకు చట్టము గలదు. ఈ దృష్టిభేదమును శిక్షించు చట్టము లేదు.

అట్లయిన వ్యాపారమెరిగినవారు మంత్రులు గాగూడదా యని సభలో నొక మిత్రుడడుగవచ్చును. కావచ్చును. మన దేశమున వ్యాపారరంగమునుండి వచ్చిన కృష్ణమాచారి ఆర్థికమంత్రిగా నుండగా, జీవితభీమా సంస్థ ముంద్రా కంపెనీల వాటాలు కొన్న వ్యవహారముపై ఛాగ్లా న్యాయమూర్తి ప్రజలయెదుట బహిరంగవిచారణ జరిపెను. 1958 ఫిబ్రవరిలో మంత్రి రాజీనామా యిచ్చెను. మేము కోరునది అట్టి వెలుగే. మంత్రి తన పూర్వసంస్థవారితో నెప్పుడెప్పుడు మాటలాడెనో ఆ పట్టిక ఆలస్యములేక ప్రకటింపబడవలెను. సంబంధమున్న విషయమును వేరొకరి నిర్ణయమునకు వదలవలెను. మినహాయింపు తప్పనిచో దానిని కారణములతో ఆనాడే గెజెటున నచ్చొత్తింపవలెను.

గోల్డ్‌మన్‌కు సంబంధించిన వ్యవహారములయందు తాను చేయిపెట్టనని పాల్సన్ పదవిలో బ్రవేశించునపుడు మాట యిచ్చియుండెను. ఎ.ఐ.జి. ఋణము ప్రకటించిన మరునాడు, అనగా 2008 సెప్టెంబరు 17వ తేదీన, ఆ మాటనుండి ఆయనకు మినహాయింపు దొరకెను. ఆ వారమున గోల్డ్‌మన్ ప్రధానాధికారితో ఆయన ఇరువది నాలుగు సారులు ఫోనునందు మాటలాడినట్లును, మినహాయింపు సంగతియు పత్రికలవలన ప్రజలకు దెలిసినది 2009 ఆగస్టులో. అప్పటికి ఆయన పదవి ముగిసి ఏడుమాసములు గడచినవి.