‘మోటూ’ అనే పేరు

నేను బడిపంతుల్ని, డాక్టర్ని కాను. అందుచేత లావు గురించి కాక, లావుగా ఉన్నవాళ్లను మనం అనే మాటల గురించి చెబుతాను.

హాజరుపట్టీలో ఏ పేరున్నా, మైదానంలో ఆ పిల్లవాడు ‘మోటూ’. వాడూ నవ్వుతాడు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని తెలుసు. కొన్నాళ్లకు ఆటకు రాడు. తర్వాత నలుగురిలో టిఫిన్ డబ్బా తెరవడు. ఇంటికి పోయి, ఎవరూ చూడకుండా ఆత్రంగా తింటాడు. ఆడపిల్లల సంగతి మరీ కష్టం. సంబంధం చూడవచ్చినవాళ్లు చాయ్ తాగి, సమోసాలు తిని, ‘పిల్ల మంచిదే గానీ కొంచెం లావు’ అని లేస్తారు. పెళ్లికొడుకు నడుము కొలత ఎవరూ అడగరు లెండి! ఆ మాట పిల్లకు అద్దం ముందు నిలబడినప్పుడల్లా వినిపిస్తుంది. చివరికి పెళ్లిళ్లకూ పండుగలకూ రానంటుంది. ఎగతాళి చేయొద్దని, ఎగతాళి పేర్లు పెట్టొద్దని సూరా హుజురాత్ 11వ ఆయతులో ఉన్నదని మనకు తెలుసు. దావత్‌లో మాత్రం గుర్తు రాదు.

‘సిగ్గుపడితేనన్నా తగ్గుతారు’ అంటారు కొందరు. తగ్గరు. అమెరికాలో 6,157 మందిని 2006 నుంచి 2010 దాకా గమనించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. మొదట స్థూలకాయం లేనివారిలో, బరువు పేరిట చిన్నచూపుకు గురైనవారు తర్వాత స్థూలకాయులయ్యే అవకాశం మిగతావారికంటే సుమారు రెండున్నర రెట్లు ఎక్కువట. నలుగురూ నవ్వుతారని నడకే మానేసినవాడు ఎట్లా తగ్గుతాడు?

పైగా అంతా తిండివల్లే కాదు. డెన్మార్క్‌లో 540 మంది పెంపుడు పిల్లలను పెద్దయ్యాక పరిశీలిస్తే, బరువులో వారు కన్నవారిని పోలారు గానీ పెంచినవారిని కాదని 1986లో తేలింది. అలాగని తిండికీ నడకకూ పనిలేదని నేననను. షుగరు, బీపీ ఉంటే చూపించుకోవలసిందే.

మాట పడేవారికి రెండు ముక్కలు. నవ్వి ఊరుకోనక్కర్లేదు. ‘నన్ను నా పేరుతో పిలవండి’ అనండి, మర్యాదగానే, గట్టిగా. సన్నబడ్డాక తొడుగుదామని మంచి బట్టలు పెట్టెలో దాచకండి, ఇప్పుడున్న ఒంటికే కుట్టించుకోండి. డాక్టరు గద్దిస్తాడని ఆసుపత్రి మానవద్దు, కావాలంటే ఇంకో డాక్టరు దగ్గరికి పోండి. మనసు విప్పి చెప్పుకోడానికి ఒక్క మనిషినైనా పెట్టుకోండి.

తల్లిదండ్రులారా, పిల్ల అన్నం మానేసినా, తిన్నది కావాలని కక్కుతున్నా, బతకాలని లేదన్నా ‘నఖరాలు’ అని కొట్టిపారేయకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సర్వీసు ఉంది, నంబరు 14416, పైసా ఖర్చు లేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మీరే ఫోన్ చేయండి.