ఖారూన్ నుంచి కడలి అడుగు దాకా



రాయపూర్‌కు సముద్రం దూరమే. విశాఖ రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేస్తే గానీ మనకు అల కనబడదు. కానీ నీటికి దారి తెలుసు. మహాదేవ్ ఘాట్ మెట్ల ముందు పారే ఖారూన్ నది వెళ్లి శివనాథ్‌లో కలుస్తుంది. శివనాథ్, శివరీనారాయణ్ దగ్గర మహానదిలో కలుస్తుంది. మహానది హిరాకుడ్ ఆనకట్ట దాటి, ఒడిశా అంతా పారి, పారాదీప్ దగ్గర బంగాళాఖాతం చేరుతుంది. మన వీధి నాలాలో పడిన ప్లాస్టిక్ సంచికి కూడా ఇదే దారి. సముద్రం చేరాక ఆ సంచి ఎండకు, అలలకు ముక్కలవుతుంది. ముక్కల మీద నాచు, సూక్ష్మజీవులు పేరుకుని బరువెక్కుతాయి. మెల్లగా మునుగుతాయి. పసిఫిక్‌లోని మేరియానా అగాధంలో, దాదాపు 10,900 మీటర్ల లోతున, 1998లోనే ఒక ప్లాస్టిక్ సంచి కెమెరాకు చిక్కింది.

ఆ లోతుల్లో ఏముంటుంది? 200 మీటర్లు దిగేసరికి వెలుతురు సన్నగిల్లుతుంది. వెయ్యి మీటర్లు దాటితే ఎండ అనేదే లేదు. ప్రతి పది మీటర్లకూ నీటి ఒత్తిడి ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. అంటే 5,000 మీటర్ల దగ్గర, మన ఒంటి మీద గాలి వేసే ఒత్తిడికి 500 రెట్లు. నీటి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి కాస్త ఎగువన ఉంటుంది. అక్కడా జీవం ఉంది. సముద్ర దోసకాయలు, స్పాంజ్‌లు, పురుగులు, రొయ్యజాతి జీవులు ఉన్నాయి. వాటి తిండి పైనుంచి రాలాల్సిందే. పై నీళ్లలో ఎండతో పెరిగిన సూక్ష్మజీవుల కళేబరాలు, చేపల మలం, తుక్కు రేణువులై దిగుతాయి. దారి పొడుగునా ఉన్న ప్రాణులు తినగా, అడుగుకు చేరేది సుమారు నూటికి ఒక వంతు. అంత తక్కువ తిండితో, అంత చలిలో బతుకు నెమ్మదిగానే సాగుతుంది. పెరగడం నెమ్మది, పిల్లల్ని కనడం నెమ్మది, దెబ్బ తగిలితే కోలుకోవడం మరీ నెమ్మది. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి.

హిందూ మహాసముద్రం నడిమధ్యన, 5,000 మీటర్లకు పైగా లోతున, నేల మీద బంగాళాదుంపలంత నల్లటి ఖనిజ ముద్దలు పరుచుకుని ఉన్నాయి. వీటిని నాడ్యూల్స్ అంటారు. వీటిలో మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్టు ఉంటాయి. ఒక ముద్ద కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల ఏళ్లు పడుతుంది. అక్కడ 75,000 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు మన దేశం 2002లో అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో ఒప్పందం చేసుకుంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేసిన ‘వరాహ’ యంత్రాన్ని 2021లో 5,270 మీటర్ల లోతున నడిపి చూశారు. మన ఇంజినీర్లు గర్వించదగ్గ పని ఇది.

అయితే గని అంటే ఏమిటో ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా? దల్లీ రాజహరా ఇనుముతో భిలాయి ఉక్కు కర్మాగారం నిలబడింది. బైలాడిలా ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు లైను మీద విశాఖ రేవుకు వెళ్తోంది. ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ పనుల వెంటే ఇటు వచ్చి స్థిరపడ్డాయి. గని దుమ్ము కొట్టుకొచ్చి శంఖిని నది ఎర్రబారడం కూడా దంతెవాడ వైపు వెళ్లినవాళ్లు చూశారు. సముద్రం అడుగున యంత్రం నడిచినా బురద ఇలాగే లేస్తుంది. అక్కడి నీళ్లు చాలా తేటగా ఉంటాయి కాబట్టి ఆ మబ్బు దూరంగా పాకుతుంది, నీటిని వడకట్టుకుని తినే ప్రాణుల మీద పేరుకుంటుంది. పైగా ఆ ముద్దలే ఎన్నో స్పాంజ్‌లకు ఇల్లు. చుట్టూ మెత్తటి ఒండ్రు, అతుక్కోవడానికి గట్టి చోటు అదొక్కటే. ముద్దను ఎత్తుకుపోతే ఆ ఇల్లు మళ్లీ తయారుకాదు.

ఇది ఊహ కాదు. 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూ దగ్గర పసిఫిక్ అడుగున, నాలుగు వేల మీటర్లకు పైగా లోతున, నేలను దున్ని చూశారు. 26 ఏళ్ల తర్వాత, 2015లో వెళ్లి చూస్తే ఆ చాళ్లు అలాగే ఉన్నాయి. చాళ్లలో సూక్ష్మజీవుల సందడి మునుపటి స్థాయికి రాలేదు. మన గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కూడా 1997లో హిందూ మహాసముద్రంలో ఇలాంటి పరీక్ష చేసింది.

మరో ప్రాణి గురించి చెప్పాలి. హిందూ మహాసముద్రంలో వేడినీటి బుగ్గల దగ్గర 2001లో ఒక నత్త దొరికింది. దాని కాలికి పొలుసులుంటాయి. గుల్ల మీద, పొలుసుల మీద ఇనుప సల్ఫైడు పూత ఉంటుంది. అలాంటి కవచం వేసుకున్న జంతువు మరొకటి ఇంతవరకూ కనబడలేదు. గనుల తవ్వకం ముప్పు కారణంగా 2019లో ఈ నత్తను అంతరించే ప్రమాదమున్న జీవుల ఎర్ర జాబితాలో చేర్చారు.

ఇక మన పొగ సంగతి. కోర్బాలో బొగ్గు కాలినా, ఇంకెక్కడ కాలినా, మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడులో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. భూమ్మీద పోగైన అదనపు వేడిలో 90 శాతానికి పైగా అదే మోస్తోంది. పై నీరు వేడెక్కితే తేలికై పైనే ఉండిపోతుంది, కింది నీటితో కలవదు. కలవకపోతే లోతులకు ఆక్సిజన్ అందదు. బంగాళాఖాతంలో నదుల మంచినీరు ముందే ఒక పొరలా పైన నిలుస్తుంది. అందుకే అక్కడ నూటయాభై, రెండు వందల మీటర్ల దిగువనే ఆక్సిజన్ దాదాపు లేనంతగా పడిపోయి ఉంది. ఇంకొంచెం తగ్గితే తట్టుకునే స్థితి ఆ సముద్రానికి లేదు.

మరి ఇళ్లలో ఉన్న మనం ఏం చేయగలం? నాలాలో, నదిలో ప్లాస్టిక్ పడేయకుండా చూడడం మొదటిది. రెండోది, మన సొరుగుల్లో పడి ఉన్న పాత ఫోన్లు, బ్యాటరీలు. కోబాల్టు, నికెల్, రాగి కోసమే కదా సముద్రం అడుగుకు వెళ్తామంటున్నది! ఆ లోహాలు మన బీరువాల్లోనే ఉన్నాయి. పాడైన ఫోను బాగుచేయించుకుందాం. పనికిరానిదాన్ని చెత్తబండిలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇద్దాం. మూడోది, అడగడం. దేశాల సరిహద్దులు దాటిన సముద్రాల్లో జీవులను కాపాడే ఒప్పందం 2023లో కుదిరింది. 2024లో మన దేశం దానిపై సంతకం చేసింది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే తవ్వకానికి ముందు అక్కడ ఏ ప్రాణి ఉందో, పోతే తిరిగి వస్తుందో రాదో తేలాలి. అది తేలేదాకా ఆగమని పౌరులుగా మనం గట్టిగా కోరాలి. ఒక తరం అవసరానికి పది లక్షల ఏళ్ల పెరుగుదలను ఖర్చు పెట్టే హక్కు మనకు లేదు.